“మా కుక్క ఏమీ చెయ్యదండీ”

ఈ మాట మీరు ఎన్నిసార్లు విన్నారో గానీ నేనైతే లెక్కపెట్టడం మానేశాను. మెట్ల మీద ఎదురుగా ఒక కుక్క, దాని వెనక తాడు వదులుగా పట్టుకుని ఫోన్ మాట్లాడుకుంటూ వచ్చే మనిషి, గోడకి అతుక్కుపోయిన నేను. “ఏం చెయ్యదండీ, భయపడకండి” అంటారు. భయపడేవాడికి భయపడకు అని చెప్పడమంత దండగ పని ఇంకోటి లేదు. పైగా నాకు ఏడేళ్ళప్పుడు నెల్లూరు మూలాపేటలో ఒక వీధికుక్క పిక్క పట్టుకుంది. అప్పట్లో బొడ్డు చుట్టూ పొడిచే పాతరకం ఇంజెక్షన్లు, 14. మా నాన్న రోజూ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు, నేను దారి పొడుగునా ఏడ్చేవాణ్ణి, తిరిగొచ్చేటప్పుడు ఒక సోడా తాగించేవాడు. ఇప్పటికీ గోలీసోడా చూస్తే నాకు పొట్ట బిగుసుకుంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను కుక్కల ప్రేమికుణ్ణి కాదు. అలాంటివాణ్ణి ఈ మధ్య మూడు నెలల పాటు ఒక కుక్క కోసం మీటింగుల్లో కూర్చున్నాను, సర్క్యులర్లు ప్రింట్లు తీశాను, ఒకాయనతో గట్టిగా గొడవ కూడా పడ్డాను. ఆ మూడు నెలల్లో నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. అది ఇటు కుక్కలవాళ్ళకీ అటు కుక్కలంటే పడనివాళ్ళకీ నచ్చదు.

నాకు తెలిసినంతవరకు కుక్క ప్రమాదకరంగా మారడం “మా కుక్క ఏమీ చెయ్యదు” అన్న మాట దగ్గరే మొదలవుతుంది. దాన్ని కాపాడుకోవడం కూడా ఆ మాట మానేసిన రోజే మొదలవుతుంది.

నీళ్ళ క్యాన్ కుర్రాడు

2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు చెన్నైని ముంచేసి పోయింది కదా. వేళచ్చేరిలో మా అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగులో నడుములోతు నీళ్ళు. అవి తీశాక మీటర్ల గది మెట్టు మీద ఒక కుక్కపిల్ల దొరికింది. ఒళ్ళంతా నలుపు, కళ్ళపైన రెండు గోధుమరంగు చుక్కలు, ఛాతీ మీద ఇంకో మచ్చ. మా మేనకోడలు దానికి తుఫాను పేరే పెట్టింది. మిగ్‌జాం కాస్తా రెండు రోజుల్లో మిగ్గు అయింది. మా అమ్మ చూడగానే “నాలుగు కళ్ళ కుక్క” అంది. తర్వాత కొంప ముంచినవి ఆ పై రెండు కళ్ళే. నలుపు మీద గోధుమరంగు కనపడితే చాలు, జనానికి అది రాట్‌వీలర్.

2025 అక్టోబరులో ఒక శనివారం పొద్దున నీళ్ళ క్యాన్ కుర్రాడు వచ్చాడు. చెన్నైలో ఉండేవాళ్ళకి ఈ దృశ్యం చెప్పక్కర్లేదు. ఇరవై లీటర్ల క్యాన్ భుజం మీద పెట్టుకుని, మూడంతస్తులు ఎక్కి, చెప్పులు బయట విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్ళి డిస్పెన్సర్ మీద బోర్లిస్తాడు. అది గుడగుడమంటుంది. ఖాళీ క్యాన్ డైనింగ్ టేబుల్ పక్కన ఉంది. కుర్రాడు దానికోసం వంగాడు. టేబుల్ కింద పడుకున్న మిగ్గు తలకి అతని మోకాలు తగిలింది. మిగ్గు మొరగలేదు, గుర్రుమనలేదు, లేచి ముంజేయి పట్టుకుని వదిలేశాడు. మొత్తం ఒక్క సెకను. నాలుగు గాట్లు, రెండు లోతుగా.

నేను అప్పుడు హాల్లోనే కాఫీ తాగుతున్నాను. కుర్రాడి చేతిలోంచి ఖాళీ క్యాన్ జారి గచ్చు మీద దొర్లుతూ పోయి సోఫా కాలికి తగిలి ఆగింది. ఆ చప్పుడు ఆగేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత అక్క నోట్లోంచి వచ్చిన మొదటి మాట తమిళంలో, “అది ఎప్పుడూ ఇలా చెయ్యదు తమ్ముడూ.” రక్తం కారుతున్న వాడికి చెప్పాల్సిన మాటేనా అది? ఆ తర్వాత వారం రోజులు అక్క ఆ మాట తలుచుకుని కుమిలిపోయింది, కానీ ఆ క్షణంలో అదే వచ్చింది.

మోకాళ్ళు చూపించుకోవడానికి నెల్లూరు నుంచి వచ్చి ఉన్న మా అమ్మ పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తింది. బావ ఆ డబ్బా పక్కకి నెట్టి కుర్రాడి చేతిని కుళాయి కింద పెట్టి సబ్బుతో కడిగాడు, గడియారం చూసి పావుగంట. కుక్క కరిస్తే చెయ్యాల్సిన మొదటి పని అదే. పసుపు, కారం, కాఫీపొడి ఏవీ కాదు. ఆసుపత్రిలో గాయం చుట్టూ రేబిస్‌ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ వేశారు, కుట్లు వెయ్యకుండా వదిలేశారు, టీకాకి 0, 3, 7, 28 రోజులని చీటీ రాసిచ్చారు. వైద్యం ఖర్చు, పనికి వెళ్ళలేని రోజుల కూలీ బావ ఇచ్చాడు. అది దానమేమీ కాదు, బాకీ.

కుర్రాడు అడిగింది ఒక్కటే. “కుక్కకి ఇంజెక్షన్ వేయించారా అన్నా?”

టీకా కార్డు కోసం అరగంట వెతికారు. గ్యాస్ బుక్కు వెనకాల దొరికింది. రేబిస్ టీకా గడువు నాలుగు నెలల కిందటే అయిపోయింది. కార్పొరేషన్ లైసెన్సు అసలు తీసుకోనే లేదు, ఏడాదికి 50 రూపాయలే అయినా. మనవాడు వీధిలో దొరికినవాడు, మనవాడికెందుకు లైసెన్సు అనుకున్నారట.

కరిచిన కుక్క పది రోజుల పాటు ఆరోగ్యంగా బతికి ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో రేబిస్ లేనట్టే లెక్క. ఆ పది రోజులు అక్కావాళ్ళింట్లో మిగ్గు నీళ్ళు తాగుతున్నాడా, అన్నం తింటున్నాడా, తూలుతున్నాడా అని రాత్రిళ్ళు టార్చి వేసి చూశారు. అక్కడెక్కడో ఆ కుర్రాడి వాళ్ళమ్మ కూడా పది రోజులు లెక్కపెట్టుకుని ఉంటుంది. ఆమె దగ్గర టార్చి వేసి చూడ్డానికి కుక్క కూడా లేదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మూడో ఫ్లోర్ రాట్‌వీలర్

ఇక అపార్ట్‌మెంట్ గ్రూపు. ఆగస్టులోనే జాఫర్‌ఖాన్‌పేటలో పిట్‌బుల్ దాడి చేసి ఒక మనిషి చనిపోయి ఉన్నాడు, ఊరంతా ఆ టెన్షన్‌లో ఉంది. మధ్యాహ్నానికల్లా మా మిగ్గు “మూడో ఫ్లోర్ రాట్‌వీలర్” అయిపోయాడు. ఎవరో గూగుల్లో దొరికిన రాట్‌వీలర్ ఫోటో ఒకటి పెట్టారు, నోరు తెరిచి, కోరలు కనపడేలా. రెండేళ్ళుగా లిఫ్టులో మిగ్గు తల నిమిరిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ ఫోటో కింద దండాలు పెట్టి “దయచేసి పంపించెయ్యండి” అని రాశారు. చంపదలుచుకున్న కుక్కకి పిచ్చికుక్క అని పేరు పెట్టినట్టు అంటారు కదా. ఈ రోజుల్లో అంత కష్టం కూడా అక్కర్లేదు, జాతి పేరు పెడితే చాలు.

తర్వాతి వారం ఆదివారం సాయంత్రం మీటింగు. ఏడు రోజుల్లో కుక్కని తీసెయ్యాలని తీర్మానం. బావ సర్క్యులర్ ప్రింటు పట్టుకెళ్ళాడు, అది తీసిచ్చింది నేనే. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు. మెజారిటీ తీర్మానం చేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకి లేదని, లిఫ్టు వాడొద్దనడం కుదరదని అందులో ఉంది. బావ వాదన అక్షరాలా సరైనదే. గెలిచాడు కూడా, సెక్రటరీ దగ్గర జవాబు లేదు.

అప్పుడు రెండో ఫ్లోర్ పాటీ (తమిళంలో బామ్మ అని), చేతికర్రతో నడిచే మనిషి, కూర్చున్నచోటి నుంచే అడిగింది. “కాగితం సరే బాబూ. నేను లిఫ్టులో ఒక్కదాన్నే ఉంటాను. తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా అది. నన్నేం చెయ్యమంటావు?”

బావ ఏదో అనబోయాడు. నోట్లో “అదేం చెయ్యదు పాటీ” అన్న మాటే ఉందని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. కానీ వారం కిందట చేసింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేం చట్టంలో గెలిచి ఆ హాల్లో ఓడిపోయాం. నిజం చెప్పాలంటే ఓడిపోవడమే న్యాయం అనిపించింది నాకు, గోడకి అతుక్కునే జాతివాణ్ణి కాబట్టి.

సలహాలు మాత్రం బోలెడు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఎవరిదో ఫామ్‌హౌస్ ఉందట. ఇంకొకాయన, బాగా చదువుకున్నవాడే, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం దాటాక వదిలేస్తే అది దాని బతుకు బతుకుతుందన్నాడు. నేను గొడవపడింది ఆయనతోనే. పెంపుడు జంతువుని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారి నేరానికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. చెన్నైలో కుక్కని చట్టప్రకారం పెంచుకోవడానికి అప్పటికి ఏడాదికి 50, చట్టాన్ని తన్ని హైవే మీద వదిలెయ్యడానికీ గరిష్ఠంగా 50. ఇక “ఇంజెక్షన్ వేయించెయ్యండి” అన్నవాళ్ళ సంగతి నేను రాయను, వాళ్ళలో ఒకరు మాకు దూరపు చుట్టం.

టేపు పెట్టి కొలిచిన కుక్క

ఆ రోజుల్లోనే మా మేనకోడలు, పదకొండేళ్ళది, ఎక్కడో లెన్నాక్స్ కథ చదువుకుని వచ్చింది. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఒక కుటుంబం పెంచుకున్న కుక్క. 2010 మే నెలలో నగర కౌన్సిల్ అధికారులు వచ్చి తీసుకుపోయారు. ఎవర్నీ కరిచిందని కాదు. చూడ్డానికి పిట్‌బుల్ రకంలా ఉందని. బట్టలు కుట్టేవాళ్ళ టేపు పెట్టి మూతి, వెనక కాళ్ళు కొలిచి తేల్చారట. రెండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు, లక్షల మంది సంతకాలు పెట్టారు, అమెరికాలో పెట్టి పెంచుతామని కబురొచ్చింది. 2012 జూలై 11న దాన్ని చంపేశారు. చివరిచూపు కూడా దక్కలేదని ఆ ఇంటివాళ్ళు చెప్పారు.

పిల్ల ఇది చదివి ఏడవలేదు. అమ్మమ్మ కుట్టుడబ్బాలోంచి టేపు తీసి మిగ్గు మూతి కొలిచింది. నాలుగున్నర అంగుళాలు. తన ఎత్తు ఏటేటా గీసుకునే గోడ మీద, తన గీతల పక్కన, చిన్న పెన్సిల్ గీత గీసి “మి. మూతి” అని రాసి పెట్టింది. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ “నన్ను కొలిచినా ఏదో ఒక జాతి తేలుతుంది లే” అంది.

అయితే లెన్నాక్స్ కథని మనవాళ్ళు షేర్ చేసేటప్పుడు ఒక ముక్క వదిలేస్తారు. అది చాలా ప్రమాదకరమైన కుక్క అని కోర్టులో సాక్ష్యం చెప్పిన నిపుణుడు కూడా ఉన్నాడు. పరీక్షించి అంత భయపడాల్సిందేమీ లేదన్నవాళ్ళూ ఉన్నారు. నాకు దీంట్లో తేలని సంగతి ఏంటంటే, నెలల తరబడి ఇనప కటకటాల వెనక, అలవాటైన మనిషి వాసన కూడా లేకుండా ఉంచిన కుక్కని చూసి దాని గుణం చెప్పడం ఎవరికైనా సాధ్యమేనా? చెరసాలలో ఉన్నవాణ్ణి చూసి వీడు ఇంట్లో ఎలా ఉండేవాడో చెప్పమన్నట్టుంది.

మా కేసుకీ దానికీ పెద్ద తేడా ఒకటుంది. లెన్నాక్స్ విషయంలో కాటు లేదు, ముద్రే ఉంది. మా దగ్గర కాటు ఉంది. పిల్లకి ఆ తేడా చెప్పాల్సి వచ్చింది. “మనం లెన్నాక్స్ వాళ్ళలాగా కాదమ్మా, మనవాడు కరిచాడు” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “అయితే మనం ముందు సారీ చెప్పాలి కదా మామా, తర్వాత ఫైట్ చెయ్యాలి” అంది. బావకీ నాకూ ఈ వరస తట్టలేదు. మేం ముందు ఫైట్ చేశాం.

గుర్రుమనడం మాన్పించాం

పదకొండో రోజున, మిగ్గు బతికే ఉన్నాడని ఊపిరి పీల్చుకుని, వేపేరి తీసుకెళ్ళాం. చెన్నైలో కుక్కలున్నవాళ్ళకి వేపేరి అంటే మద్రాస్ వెటర్నరీ కాలేజీ, 1903 నుంచి ఉన్నది. పొద్దున్నే వెళ్ళినా చాంతాడంత క్యూ. మా ముందు ఒక ముసలాయన ఒళ్ళో పామెరేనియన్. అది గంటన్నర సేపు ఆగకుండా అందరి మీదా మొరిగింది, ఒకసారి కాంపౌండరు వేలు కూడా అందుకోబోయింది. అందరూ నవ్వారు. మిగ్గు నా కాళ్ళ దగ్గర కిక్కురుమనకుండా పడుకుంటే మా చుట్టూ రెండు గజాలు ఖాళీ.

డాక్టరమ్మ కుడిచెవి మడత విప్పి చూసి మా వైపు తిప్పింది. లోపల నల్లగా జిగురు, దగ్గరికెళ్తే పులిసిన వాసన. చెవిలో ఇన్ఫెక్షన్, చాలా రోజులదట. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి ఉంటుందట. క్యాన్ కుర్రాడి మోకాలు తగిలింది ఆ వైపే. రెండు వారాలుగా తల విదిలిస్తున్నాడని, సోఫాకి చెవి రుద్దుకుంటున్నాడని అక్కకి అప్పుడు గుర్తొచ్చింది. స్నానం చేయించాలేమో అనుకుని స్నానం చేయించారు. నీళ్ళు చెవిలోకి వెళ్ళి ఇంకాస్త ముదిరింది.

తర్వాత ఆవిడ అడిగింది, “ఇంతకుముందు ఎప్పుడైనా గుర్రుమనేదా?”

“లేదు డాక్టర్, చాలా మంచివాడు” అంది అక్క.

“చిన్నప్పుడు అనేవాడు” అంది పిల్ల. “నాన్న పేపర్ చుట్టి నేల మీద కొట్టి తిట్టేవాడు. తర్వాత మానేశాడు.”

బావ గోడ మీద టీకాల చార్టు చదవడం మొదలుపెట్టాడు.

కుక్క గుర్రుమంటే అది మనతో మాట్లాడుతున్నట్టు, దూరంగా ఉండు అని చెప్తున్నట్టు. ఆ మాట అన్నందుకు తిడితే అది మంచిదైపోదు, మాట మానేస్తుంది. అప్పటికీ వేరే విధంగా చెప్తుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, మూతి నాక్కుంటుంది, మొహం పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనపడేలా చూస్తుంది, కదలకుండా బిగుసుకుంటుంది. ఇవి మనకి పట్టవు. మిగిలేది పన్ను. మొరిగే కుక్క కరవదని మనవాళ్ళు అన్నది ఎంతవరకు నిజమో నాకు తెలీదు గానీ (మూలాపేట కుక్క మొరిగి మరీ కరిచింది), మొరగనివ్వని కుక్క మాత్రం చెప్పకుండా కరుస్తుందని మా ఇంట్లో రుజువైంది. అసలు గుర్రుమనడం ఎందుకు మాన్పించారయ్యా అంటే, పక్క ఫ్లాట్లవాళ్ళు భయపడుతున్నారని. మంచి పేరు కోసం చేసిన పనే ఇది.

లేచేముందు డాక్టరమ్మ చీటీలో జాతి అన్నచోట రెండు అక్షరాలు రాసింది, ఎన్.డి. నాన్-డిస్క్రిప్ట్. ఫలానా అని చెప్పడానికి వీల్లేనిది అని. వీధికుక్కలకీ ఊరకుక్కలకీ పశువైద్యుల చీటీల్లో ఉండే కులం అదే. గ్రూపులో రాట్‌వీలర్, వేపేరిలో ఎన్.డి., మా అమ్మకి నాలుగు కళ్ళది. కుక్క అదే.

అయితే జాతికి అర్థమే లేదా?

ఇక్కడ కుక్కల ప్రేమికులు చప్పట్లు కొడతారు, అందుకే కొంచెం ఆగుతున్నాను.

2024 మార్చి 12న కేంద్రం 23 జాతుల పేర్లు రాసి, వాటి క్రాసులతో సహా, అమ్మకాలకీ పెంపకానికీ లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకి సర్క్యులర్ పంపింది. సంబంధం ఉన్నవాళ్ళతో సంప్రదించకుండా ఇచ్చారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. నెల తిరక్కుండా, మే మొదటి వారంలో, మన నుంగంబాక్కం కార్పొరేషన్ పార్కులో వాచ్‌మన్ కూతురు, ఐదేళ్ళ పాప మీద రెండు రాట్‌వీలర్లు పడ్డాయి. ఆ పాప తల మీది గాయాల గురించి చదివినప్పుడు, కోర్టు తీర్పులో ఎంత న్యాయం ఉన్నా, నాకు ఆ సర్క్యులర్ రాసినవాళ్ళ మీద కోపం రాలేదు. 2025 డిసెంబరులో చెన్నై కార్పొరేషన్ పిట్‌బుల్, రాట్‌వీలర్లకి కొత్త లైసెన్సులు ఇవ్వకూడదని తీర్మానించింది, ఉన్నవాటిని బయటకి తెస్తే తాడు, మూతి తొడుగు ఉండాలంది. దీన్ని కూడా నేను తిట్టను.

ఎందుకంటే వేపేరి క్యూలో నేను చూసిన పామెరేనియన్ పొరపాటు చేస్తే వేలికి ప్లాస్టర్ వేసుకుంటాం. నలభై కిలోల కుక్క పొరపాటు చేస్తే అలా ఉండదు. జాతి, ఒళ్ళు, దవడ, ఇవి కాటు ఎంత లోతుగా పడుతుందో చెప్తాయి. కానీ ఆ కుక్క కరుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, 18 వేల పైచిలుకు కుక్కల వివరాలు తీసుకుని, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనపడే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేల్చింది. మిగతాదంతా పెంపకమే అని నేను అనను, అందులో ఏమేం ఉన్నాయో ఎన్ని ఉన్నాయో. నా బాధల్లా జాబితా ఇచ్చే ధైర్యంతోటే. లిస్టులో పేరు లేనివాడు హాయిగా తాడు వదిలేస్తాడు, మాది ల్యాబ్రడార్ అంటాడు. మా అక్క అనలేదూ, మాది వీధిలో దొరికింది, దీనికేం లైసెన్సు అని? పాపం రాట్‌వీలర్ ఉన్నవాడు, కనీసం కొందరు, చుట్టూ ఉన్నవాళ్ళ భయం వల్లయినా జాగ్రత్తగా ఉంటారు.

మిగ్గుకి రాట్‌వీలర్ అని పేరు పడకపోయి ఉంటే ఏం జరిగేదో నేను చాలాసార్లు ఆలోచించాను. “కుక్కన్నాక కరవదా” అని నలుగురూ సర్దిచెప్పి ఉండేవాళ్ళు. వేపేరి వెళ్ళేవాళ్ళం కాదు. ఆ చెవి అలాగే ఉండేది. వచ్చే నెల ఇంకెవరో.

వీధికుక్కల విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులోనూ ఈ చిక్కే ఉంది. ఆపరేషన్, టీకా అయ్యాక తెచ్చిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవీ దూకుడుగా ప్రవర్తించేవీ తప్ప. సరే, దూకుడు అని తేల్చేదెవరు? గ్రూపులో ఫోటో పెట్టినవాడా, చెవి మడత విప్పి చూసినవాళ్ళా?

చిక్కం

రెండో మీటింగుకి బావ కాగితాలు తీసుకెళ్ళలేదు. అక్క వెళ్ళింది. నిలబడి, “మా కుక్క కరిచింది, తప్పు మాది, టీకా గడువు దాటింది, లైసెన్సు లేదు, ఇప్పుడు రెండూ ఉన్నాయి, మైక్రోచిప్ కూడా వేయించాం” అంది. ఏమేం చేస్తారో చెప్పింది. గుమ్మం దాటితే మూతికి తొడుగు. లిఫ్టు హక్కు ఉన్నా మెట్లే వాడతాం. తాడు పట్టుకునేది పెద్దవాళ్ళు మాత్రమే, పిల్ల కాదు. బయటివాళ్ళు ఇంట్లోకి వస్తే ముందు మిగ్గు గదిలోకి. తలుపు మీద బోర్డు.

బోర్డు దగ్గర బావ అడ్డం తిరిగాడు. కుక్కలున్నవి జాగ్రత్త అని మామూలుగా పెట్టేది పెడదాం, కరుస్తుందని రాస్తే రేపు పోలీసులకి మనమే సాక్ష్యం రాసిచ్చినట్టు, భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద జంతువు విషయంలో నిర్లక్ష్యానికి ఆరు నెలల దాకా జైలు ఉంది తెలుసా అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. కానీ కుక్కలున్నవి జాగ్రత్త అన్న బోర్డు మన ఊళ్ళలో కుక్క లేని ఇళ్ళకి కూడా ఉంటుంది, దొంగల కోసం. దాన్ని ఎవడూ చదవడు. అక్క మూడు భాషల్లో రాయించింది, “కుక్క ఉంది. కరుస్తుంది. బెల్ కొట్టి రెండడుగులు వెనక్కి నిలబడండి.” తెలుగు ఎవరికోసమే అని నేనడిగితే “నీకోసం” అంది.

మూతి తొడుగు మాత్రం ఇంట్లో పెద్ద గొడవ. గుడ్డ పట్టీలాంటిది మొదట తెచ్చారు, అది తప్పు, నోరు బిగించేస్తే కుక్క రొప్పలేదు, రొప్పకపోతే చెన్నై ఎండలో ఒళ్ళు చల్లబడదు. బుట్టలాంటిది కావాలి, నోరు తెరవడానికి, నీళ్ళు తాగడానికి వీలుగా. అది తెచ్చాక పిల్ల ముట్టుకోనంది. “ఇది పెడితే వాడు చెడ్డవాడని అందరికీ చెప్పినట్టే” అంది. బావదీ అదే మాట, వేరే మాటల్లో.

మా అమ్మ ఆ బుట్టని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది చిక్కమే కదే” అంది. కళ్ళంలో బంతి తిప్పేటప్పుడు ఎడ్ల మూతులకి కట్టేవాళ్ళం, లేకపోతే గింజలు మేసేస్తాయని. మా తాత ప్రతి సంక్రాంతికీ ఆ ఎడ్లకి కొమ్ములకి రంగులేసి దండం పెట్టేవాడు. చిక్కం కట్టినంత మాత్రాన చెడ్డ ఎద్దు అని ఎవరన్నారే? నోటి దగ్గర గింజ ఉంటే ఏ ఎద్దయినా తింటుంది, అందుకని కడతాం, పనయ్యాక విప్పుతాం.

అప్పటి నుంచి ఇంట్లో దాని పేరు చిక్కం. పిల్ల రోజూ సాయంత్రం దాని అడుగున గడ్డపెరుగు రాసి పట్టుకుంటుంది. మొదటి రెండు రోజులు మిగ్గు నాలుక మాత్రం చాపి నాకి వెనక్కి వచ్చేవాడు. మూడో రోజు మూతి సగం దూర్చాడు. వారానికి తనే వచ్చి తల పెట్టి నిలబడటం మొదలుపెట్టాడు, మీసాలకి పెరుగు అంటుకుని. పట్టీ బిగించడం ఆ తర్వాతే. ఇప్పుడు చిక్కం గలగలమంటే షికారు అని తోక ఊపుతాడు.

తీర్మానం వెనక్కి తీసుకున్నారు. ఓట్లు ఎంత తేడాతోనో చెప్పను, ఇబ్బందిగా ఉంటుంది. పాటీ మాకే వేసింది.

నాకు అనుమానాలు పోలేదు. అక్కని ఒకసారి అడిగాను, మళ్ళీ కరిస్తే? “మళ్ళీ కరిస్తే...” అని ఆగిపోయింది, పప్పు పోపు మాడుతోందని లేచి వెళ్ళింది. నా జవాబు నాకు తెలుసు, అది అక్కకి చెప్పలేదు. అప్పుడు నేను మీటింగుకి వెళ్ళను. చెవినొప్పి ఒకసారికే సమాధానం.

క్యాన్ కుర్రాడు ఇప్పుడు ఆ వీధికి రావట్లేదు, వేరే లైన్ తీసుకున్నాడట. నాలుగో టీకా రోజున పిల్ల, బావ వెళ్ళి కలిశారు. పిల్ల తమిళంలో రాసుకెళ్ళిన సారీ చదివింది. కుర్రాడు సిగ్గుపడి “పరవాలేదు పాపా” అన్నాడట, చేతి మీది మచ్చ చూపించాడట. క్షమించాడా అంటే మేం అడగలేదు. అడిగే హక్కు ఉందనిపించలేదు.

పోయిన ఆదివారం నేను అక్కడ ఉండగా కొత్త క్యాన్ కుర్రాడు వచ్చాడు. బెల్ కొట్టి, బోర్డు చదివి, నిజంగానే రెండడుగులు వెనక్కి వేసి, భుజం మీద క్యాన్‌తో నిలబడ్డాడు. అక్క తలుపు తీసింది. లోపలి గదిలోంచి మిగ్గు గుర్రుమన్నాడు, చిన్నగా. ఎవరూ తిట్టలేదు.

“నాయ్ కడిక్కుమా అక్కా?” కుక్క కరుస్తుందా అని.

“కడిక్కుం” అంది అక్క, కరుస్తుందని. “వెళియవే వచ్చిడు పా.” బయటే పెట్టెయ్యమని.